రెండువందల పన్నెండో పేజీ

నాలుగింటికి చెల్లాయిని జీపెక్కిస్తానన్నాడు ఇన్‌స్పెక్టరు. పిన్ని ఆ ఇంటి గుమ్మం ఎక్కేసరికి హాల్లో గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

పిన్ని అంటే అక్కడెవరికీ పిన్ని కాదు. ముప్ఫై ఏళ్ళు పోలీసు రికార్డుల గదిలో పనిచేసి, బయటికొచ్చాక, చెప్పకుండా పోయిన మొగుళ్ళనీ, కనబడకుండా పోయిన వీలునామాలనీ వెతికిపెట్టే పని పెట్టుకుంది. యాభై ఎనిమిదేళ్ళ ప్రైవేటు డిటెక్టివ్. ఊరంతా పిన్నిగారూ అనే పిలుస్తారు. ఆ ఇన్‌స్పెక్టరు కూడా అంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫైలు ఎటు నుంచి చదవాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆయనగారి మీద ఏకంగా ఒక జీవితచరిత్ర వచ్చింది. అట్ట మీద నల్లకళ్ళజోడు, కట్టుకున్న చేతులు, నాలుగువందల పేజీలు.

పిన్ని దాన్ని కొనలేదు. షాపులో నిలబడి, మొదటి పేజీ కూడా తిప్పకుండా, నేరుగా పుస్తకం చివర ఉన్న పేర్ల పట్టికకి వెళ్ళింది. 'ప' అక్షరం కింద పైనుంచి కిందికి చూసింది. కిందినుంచి పైకి చూసింది. వాడి పెద్ద కేసుల్లో సగానికి దారి చూపించింది తను. వాడు కాఫీ తాగే హోటలు పేరుంది ఆ పట్టికలో, తన పేరు లేదు! మూడు వారాలైంది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

అలాంటి మంటలో ఉండగా చెల్లాయి కబురు పంపింది.

చెల్లాయి ఎవరో తెలియకపోయినా, ఆమె అన్నయ్య తెలియనివాళ్ళు లేరు. నలభై ఏళ్ళుగా స్టేజీ మీదా సినిమాల్లోనూ జనాన్ని నవ్విస్తున్న మనిషి. అలిగిన పిల్లాడిలా మూతి పెట్టడం ఆయన ప్రత్యేకత, అందుకే బుంగమూతి అనే పేరు స్థిరపడిపోయింది. నిన్న పొద్దున్న ఆయన తన పుస్తకాల గదిలో నిచ్చెన మీదనుంచి పడ్డాడు. బల్ల అంచు తలకి కొట్టుకుంది. ఆస్పత్రిలో ఉన్నాడు, తెలివి రాలేదు. డాక్టర్లు రేపటి మాట రేపే అంటున్నారు. ప్రమాదమనుకునేవాళ్ళే గానీ, ఎడమ చీలమండ మీద నాలుగు గోళ్ళ గీతలు కనబడ్డాయి. ఎవరో కాలు పట్టుకుని లాగారు. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది చెల్లాయి ఒక్కతే.

"పిన్నిగారూ, నన్ను విడిపించక్కర్లేదు" అంది చెల్లాయి. అరవై నాలుగేళ్ళ మనిషి, తనకంటే చిన్నదాన్ని పిన్నీ అని పిలవడానికి ఏమాత్రం మొహమాటపడలేదు. "ఒక్కసారి ఆస్పత్రికి వెళ్ళనివ్వమని చెప్పండి. నిన్నట్నుంచీ అన్నయ్య మొహం చూడలేదు. వాడు పోతే నేను లాకప్పులో కూర్చుని వినాలా?"

"వెళ్దురుగాని. ముందు నిన్న పొద్దుటి సంగతి చెప్పండి. టైముతో సహా."

"పదింటికి కొరియర్ వచ్చింది. అన్నయ్యే సంతకం పెట్టి తీసుకున్నాడు. పావుగంట తర్వాత మా ఇద్దరికీ మాటామాటా పెరిగింది."

"దేని గురించి?"

"అది చెప్పను."

"తోటమాలి విన్నాడటగా గొడవ. ఇన్‌స్పెక్టరు దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు."

"వేలాడనివ్వండి."

పిన్ని ఆమె మొహంలోకి చూసింది. భయం లేదు. పంతం ఉంది. "సరే, తర్వాత?"

"పదిన్నరకి తోటమాలి నీళ్ళ పైపు కొనడానికి బజారుకి పోయాడు. నేను పెరటి వరండాలో వాషింగ్ మెషీను దగ్గరున్నాను. అది తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. పదకొండూ పదికి కాఫీ పట్టుకెళ్ళాను. అప్పటికే కింద పడి ఉన్నాడు."

"గదికి తోటవైపు ఇంకో తలుపుందా?"

"ఉంది. అన్నయ్యని కలవడానికి వచ్చేవాళ్ళంతా అటునుంచే వస్తారు. నిన్న ఎవరైనా వచ్చారో లేదో నాకు తెలీదు."

"పదండి, ఆ గది చూద్దాం."

* * *

గది పెద్దదేం కాదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా ఒకే అలమర, దానికి ఆనించి చక్రాల నిచ్చెన. చెత్తబుట్టలో కొరియర్ కవరు చింపి పారేసి ఉంది. అలమరలో కథలూ నవలలూ ఏమీ లేవు. అన్నీ జీవితచరిత్రలే. గాయనిది, గారడీవాడిది, నాట్యగురువుది, సర్కస్ నడిపినాయనది, తోలుబొమ్మలాడించినాయనది. పేరు తెచ్చుకున్న ప్రతి కళాకారుడూ అక్కడ ఉన్నాడు.

అయితే పిన్ని కళ్ళు నిలిచింది వాటి మీద కాదు. కళ్ళకి ఎదురుగా ఉన్న అరలో పుస్తకాలు బుద్ధిగా, వీపు మీద పేర్లు కనబడేలా నిలబడి ఉన్నాయి. అడుగు అరలోవి మాత్రం అటు తిరిగి, గోడకి మొహం పెట్టి ఉన్నాయి. పేరు కనబడదు, కాగితాల అంచులు కనబడతాయంతే.

"వీటికేమైంది? తప్పు చేశాయా?"

చెల్లాయి ఆ పరిస్థితిలోనూ చిన్నగా నవ్వింది. "తప్పే. వాటిల్లో అన్నయ్య పేరు లేదు. కొత్త పుస్తకం వస్తే వాడు మొదలుపెట్టేది చివరి పేజీల నుంచి. పేర్ల పట్టికలో తన పేరుంటే ఎర్రపెన్సిల్‌తో టిక్కు పెడతాడు. తన గురించి రాసిన పేజీలో పాత నాటకం టిక్కెట్టు ఒకటి పెట్టి, పై అరలో సర్దుతాడు. లేకపోతే గోడకి తిప్పేస్తాడు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడడు. పిచ్చి అనుకుంటున్నారు కదూ?"

"పిచ్చి కాదమ్మా" అంది పిన్ని. చెంపలు వేడెక్కడం ఆమెకే తెలిసింది.

వంగి అడుగు అరలోంచి ఒక పుస్తకం ఇటు తిప్పింది. నల్లకళ్ళజోడు, కట్టుకున్న చేతులు. ఇన్‌స్పెక్టరుగారు గోడకి మొహం పెట్టి నిలబడి ఉన్నారు! పిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఎంతో మర్యాదగా దాన్ని మళ్ళీ గోడకే తిప్పేసింది.

తర్వాత చేతిరుమాలు చుట్టుకుని పై అర పుస్తకాలు ఒక్కొక్కటే తీసింది. ఇరవై ఏడు. ప్రతిదాంట్లోనూ ఎర్ర టిక్కు, ప్రతిదాంట్లోనూ నాటకం టిక్కెట్టు. ఇరవై ఎనిమిదోది కొత్త పుస్తకం, అట్ట ఇంకా మెరుస్తోంది. నిన్న కొరియర్లో వచ్చింది అదే. గడకర్ర జీవితచరిత్ర. ఇరవై ఏళ్ళు బుంగమూతికి జంటగా స్టేజీ ఎక్కిన పొడుగాటి హాస్యగాడు గడకర్ర. తర్వాత ఇద్దరూ విడిపోయారు, మాటల్లేవు.

పెన్సిల్ కొసతో పేజీలు తిప్పి చివర్న చూసింది. పట్టికలో 'బ' దగ్గర బుంగమూతి పేరు లేదు. ఆ చోట మార్జిన్లో ఎర్రపెన్సిల్‌తో అడ్డంగా కొట్టిన గుర్తు ఉంది. పెన్సిల్ దిగబడి కాగితం చిరిగింది.

అంటే ఆయన చూశాడు. లేదని తెలుసుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. అలాంటివాడు దీన్ని పై అరలో, గౌరవంగా, వీపు కనబడేలా పెడతాడా? చచ్చినా పెట్టడు. ఆ మంట ఏమిటో పిన్నికి బాగా తెలుసు.

లోపల ఒక చీటీ కూడా ఉంది. నాటకం టిక్కెట్టు కాదు, ఆకుపచ్చ గీతల కాగితం మూల చింపి పెట్టిన ముక్క. రెండువందల పన్నెండో పేజీలో ఉంది. పిన్ని ఆ పేజీ చదివింది. మోకాలి ఆపరేషను తర్వాత గడకర్ర కర్ర పట్టుకుని నడవడం ఎలా నేర్చుకున్నాడో రాసి ఉంది. ముందు పేజీ చూసింది, వెనక పేజీ చూసింది. బుంగమూతి ఊసే లేదు.

"ఈ పుస్తకాలు మీరెప్పుడైనా సర్దుతారా?"

"నేనా? దుమ్ము దులిపినా వాడికి అనుమానమే. ఈ అలమర ముట్టుకోను."

పిన్ని నిచ్చెన రెండు మెట్లెక్కింది. రెండు అరలూ చేతికందేవే, మరి బుంగమూతికి నిచ్చెనతో పనేమిటి? అలమర నెత్తిమీద దట్టంగా దుమ్ము. మధ్యలో పళ్ళెమంత చోటు మాత్రం నాలుగు పలకలుగా శుభ్రంగా ఉంది.

"ఇక్కడ ఏముండేది?"

"అట్టపెట్టె" అంటూ చెల్లాయి పైకి చూసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "పెట్టేది? పెట్టె లేదా? అయ్యో, అందులో నా కాయితాలు!"

"ఏం కాయితాలు?"

చెల్లాయి నోరు తెరిచింది గానీ, ఈలోగా గుమ్మంలో బూట్ల చప్పుడైంది. మూడూ ఐదు.

* * *

"పిన్నిగారూ! నిచ్చెనలెక్కే వయసా మీది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెనకే ఒక కానిస్టేబులు. వాళ్ళ వెనక, భుజాన గుడ్డసంచీ, చేతిలో నోటుపుస్తకం, బంగారు ఫ్రేము కళ్ళజోడుతో ఒక పెద్దమనిషి. "రచయితగారు. నా పుస్తకం రాసింది ఈయనే. రెండో ముద్రణకి ఈ కేసు కూడా కలుపుదామని వెంట తిరుగుతున్నారు."

"ఇంకా మొదటి ముద్రణ అమ్ముడుపోనివ్వవయ్యా" అంది పిన్ని కిందికి దిగుతూ.

"చదివారా?"

"నాకెక్కడ తీరిక?"

ఇన్‌స్పెక్టరు పెదవి ఓ పక్కకి లాగి నవ్వాడు. "నాలుగింటిదాకా ఆగడం మీ మీద గౌరవంతో. ఇందులో తేలాల్సిందేం లేదు. అన్నగారి నీడలో నలభై ఏళ్ళు బతికింది ఈవిడ. జనం ఆయనకి దండలేస్తే ఈవిడ కుర్చీలు సర్దింది. ఓర్వలేనితనం ఎన్నాళ్ళు దాచుకుంటారు? పొద్దున్నే గొడవ, గంటలో కాలు పట్టి లాగుడు. వెనకే ఉండిపోయినవాళ్ళ ఏడుపు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?"

రచయిత నోటుపుస్తకంలో చకచకా ఏదో రాసుకున్నాడు. ఆ చివరి మాట కూడా రాసుకున్నాడేమోనని పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేసింది. మింగుతూనే చూసింది. నోటుపుస్తకంలో కాగితాలకి ఆకుపచ్చ గీతలు.

"నువ్వన్నది నిజమేనయ్యా" అంది నెమ్మదిగా. "ఇది ఓర్వలేనివాళ్ళ పనే. అవునుగాని రచయితగారూ, ఈ అరలో మీ పుస్తకాలెన్ని?"

రచయిత మొహం విప్పారింది. "పై వరసలో తొమ్మిది నావేనండీ. గడకర్రగారిది కూడా నేనే రాశాను. వారంలో షాపులకొస్తుంది."

"మీ కాపీ వచ్చిందా?"

"ఇంకా లేదు. ప్రెస్సువాళ్ళు ముందు పెద్దవాళ్ళకి పంపి, చివరికి గానీ రాసినవాడికివ్వరు. నేను అచ్చుపుస్తకం కంటితో కూడా చూడలేదు."

"పాపం. అందులో మా బుంగమూతిగారి గురించి రాశారా? జంటగా తిరిగారు కదా?"

"రాయకపోతే ఎలాగండీ! ఒక అధ్యాయం మొత్తం ఆయనదే. పదహారు పేజీలు. రెండువందల పన్నెండో పేజీలో మొదలవుతుంది."

"పేజీ నంబరు కూడా కంఠతా వచ్చే!"

"ప్రూఫులు మూడుసార్లు దిద్దాను. నా పుస్తకంలో ఏ వాక్యం ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

పిన్ని రుమాలుతో ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, చీటీ ఉన్నచోట పెన్సిల్‌తో తెరిచింది. "ముట్టుకోకండి. అక్కడినుంచే చదవండి."

రచయిత వంగాడు. ఒక వాక్యం చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. "మోకాలా? ఇది... ఇది రెండువందల పన్నెండు కాదు."

"అదే. నంబరు చూడండి. మీ పదహారు పేజీలూ ఎగిరిపోయాయి. గడకర్రగారే ఆఖరి నిమిషంలో తీయించి ఉంటారు. మాటల్లేని మనిషికి తన పుస్తకంలో పదహారు పేజీలు ఎందుకనుకున్నారో ఏమో. మీకు చెప్పడం మరిచిపోయారు."

"అడక్కుండా ఎలా తీస్తారు?" రచయిత గొంతు పైకి లేచింది. "నేను రాసింది నాకు చెప్పకుండా..."

"ఆ గొడవ తర్వాత. ముందు నా గొడవ వినండి." పిన్ని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "నిన్న పదింటికి ఈ పుస్తకం వచ్చింది. బుంగమూతి చివరి పేజీలు చూసుకున్నాడు. పేరు లేదు, ఇదిగో ఎర్రపెన్సిల్. ఆయన సర్దితే ఇది గోడకి తిరిగి ఉండాలి. చెల్లాయి సర్దితే టిక్కెట్టు పెట్టేది, ఈ బల్ల సొరుగు నిండా అవే ఉన్నాయి. ఈ చీటీ పెట్టినవాళ్ళకి ఈ ఇంటి అలవాటు తెలుసు, కానీ పుస్తకంలోంచి ఆ అధ్యాయం పోయిందని తెలీదు. గదిలో అన్నీ ఎప్పటిలా సర్ది ఉంటే ఎవరూ రాలేదనుకుంటారని, బల్లమీదున్న పుస్తకంలో నంబరు చూసి చీటీ దూర్చి, గౌరవంగా పై అరలో పెట్టేశారు. ప్రెస్సుకి తెలుసు, గడకర్రకి తెలుసు. తెలియనిది ఎవరికయ్యా?"

ఇన్‌స్పెక్టరు రచయిత వంక చూశాడు. "ఒక చీటీముక్క పట్టుకుని... ఈయన నా..."

"నీ చరిత్రకారుడని నాకూ తెలుసు. ఆ నోటుపుస్తకంలో మూల చిరిగిన కాగితం ఉందేమో చూడు. లేకపోతే చెవులు మూసుకుని ఇంటికి పోతాను. ఆ సంచీ కూడా చూడు."

రచయిత గుడ్డసంచీని రెండు చేతులా పొట్టకి అదుముకున్నాడు. కానిస్టేబులు అడగలేదు, లాక్కున్నాడు. లోపల నలిగిన అట్టపెట్టె, దాంట్లో చేత్తో రాసిన కాగితాల దొంతర. చెల్లాయి చిన్నగా కేక పెట్టింది.

రచయిత కుర్చీలో కూలబడ్డాడు.

"నేను చంపాలని రాలేదు" అన్నాడు. "ఊళ్ళో ఉన్న గొప్పవాళ్ళందరి కథా నేనే రాశాను. మిగిలింది ఈయనొక్కడే. ఆరేళ్ళు తిరిగాను. నిన్న వస్తే, గడకర్ర పుస్తకంలో తన పేరు లేదన్న సంగతి కూడా చెప్పకుండా మూతి ముడుచుకుని, 'నీ అవసరం లేదు, నా కథ మా చెల్లాయి రాసేసింది, నీకంటే బాగా రాసింది' అన్నాడు. చూపిస్తానంటూ నిచ్చెనెక్కాడు. పెట్టె చేతిలోకి తీసుకుని నా వంక చూసి నవ్వాడండీ! ఊరందరినీ నవ్వించే నవ్వు. నా చెయ్యి నా మాట వినలేదు."

"మరి కాయితాలు తగలబెట్టెయ్యలేకపోయారా?" అంది పిన్ని.

"అగ్గిపెట్టె తీశాను. ఒక పేజీ చదివి వెలిగిద్దామనుకున్నాను." అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆపలేకపోయాను. నిజంగానే నాకంటే బాగా రాసింది. ఇంకో నలభై పేజీలున్నాయి. అవి చదవకుండా ఎలా తగలబెట్టను?"

కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేశాడు. లేస్తూ రచయిత పిన్ని వైపు తిరిగాడు. "మీ గురించీ రాశానండీ. ఇన్‌స్పెక్టరుగారి పుస్తకంలో తొమ్మిది పేజీలు. ఆయనే కొట్టేయించారు."

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తోటకేసి చూడడం మొదలుపెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పిన్ని ఏమైనా అంటుందని కాచుకున్నట్టున్నాడు. అనాలనే ఉంది. మూడు వారాలుగా అద్దం ముందు నిలబడి తయారుచేసుకున్న మాటలు బోలెడున్నాయి. కానీ తొమ్మిది పేజీలూ తన మీద రాసినవాడు సంకెళ్ళేయించుకుని పోతుంటే గుమ్మందాకా అతన్నే చూస్తూ నిలబడింది.

* * *

చెల్లాయి కాగితాలు ఒక్కొక్కటే సరిచూసుకుంటోంది. చివరికొచ్చేసరికి ఒకటి తీసి చటుక్కున కొంగు కింద పెట్టుకుంది.

"అదేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సాక్ష్యం అది. ఇవ్వండమ్మా."

"ఇది కాదు. దీని గురించే నిన్న మా గొడవ. దీన్ని చింపెయ్యమన్నాను, వినలేదు. ఇది జనం చూస్తే వాడి పరువేం కావాలి?"

పిన్ని చెయ్యి చాపింది. చెల్లాయి చాలాసేపు ఆ చేతిని చూసి, ఇచ్చేసింది.

చేత్తో రాసిన పేర్ల పట్టిక. పేర్లన్నీ చెల్లాయి గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. 'చ' దగ్గర మాత్రం ఖాళీలో, ఎర్రపెన్సిల్‌తో, వంకరటింకరగా ఎవరో ఇరికించి రాశారు.

"చెల్లాయి. నేను నవ్వించిన ప్రతి మాటా రాసిచ్చింది ఇదే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా."

పక్కన పెద్ద టిక్కు.

పిన్ని దాన్ని ఇన్‌స్పెక్టరుకిచ్చింది. అతను చదివాడు. ఇంకోసారి చదివి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నలభై ఏళ్ళు దాచాం" అంది చెల్లాయి. "ఇప్పుడు ముసలితనంలో వాడికి బుద్ధిపుట్టింది, నా పేరు పెడతాడట. ఏం చేసుకోను నేను పేరుని? జనం వాడిని చూసి నవ్వాలి గానీ. ఇన్‌స్పెక్టరుగారూ, నేనిప్పుడు ఆస్పత్రికి వెళ్ళచ్చా?"

"జీపెక్కండమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేనే దింపుతాను."

గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పిన్నిగారూ, ఆ తొమ్మిది పేజీలు... రెండో ముద్రణలో మళ్ళీ రాయిస్తాను."

"ఎవడు రాస్తాడోయ్? రాసేవాణ్ణి పట్టించేశానుగా" అంది పిన్ని.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా జీపు గేటు దాటింది. చెల్లాయి వెనక సీట్లో కూర్చుని డ్రైవర్ని తొందరపెట్టడం పుస్తకాల గదిదాకా వినబడింది. పిన్ని కుర్చీలో కూర్చుంది. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో తన పేరు లేదని తెలిసిన రోజున మంటెత్తింది గానీ, ఏడవలేదు. ఇప్పుడు ఏడుపొచ్చింది. ఇన్‌స్పెక్టరు మీద కాదు, అలమరలో నిలబడ్డ ఇరవై ఎనిమిది మంది గొప్పవాళ్ళ మీద కాదు, కేవలం ఆ చెల్లాయి మీద పట్టరాని అసూయ పుట్టింది. పేరు వద్దన్నా వినకుండా ఎర్రపెన్సిల్ పట్టుకుని రాసేవాడు ఆమెకి ఒకడున్నాడు.

బతకరా బాబూ, అనుకుంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. ఆ మొండిది నీ దగ్గరికే వస్తోంది.